గుట్ట మీద గాజుపెంకు

"చెల్లి ఏదే?" అని అడిగాను. నా పెద్దకూతురు జవాబు చెప్పకుండా పులిహోర ముద్ద నోట్లో పెట్టుకుంది.

ప్రమాదం నాకు మొదట తెలిసింది అప్పుడే. ఎండ అలాగే ఉంది. కృష్ణలో నీళ్ళు అలాగే కదులుతున్నాయి. పక్కన మా అక్కయ్య, అంటే నా తోటికోడలు, మామిడికాయ ముక్కలకి ఉప్పూకారం అద్దుతోంది. ఏదీ మారలేదు. కానీ ఏ ప్రశ్నకైనా అడగకముందే జవాబు చెప్పే తొమ్మిదేళ్ళ పిల్ల, నా మొహం చూడకుండా, ముద్ద మింగలేక మింగుతూ, ఇసుకలో వేలితో గీతలు గీస్తోంది.

తలెత్తి గుట్టవైపు చూశాను. పైన మా బావగారు ఒక్కరే కనిపించారు. నడుం మీద చేతులు పెట్టుకుని, మాకు వీపు పెట్టి నిలబడ్డారు. ఇందాక ఆయన వేలు పట్టుకుని ఎక్కిన నా చిన్నకూతురు పక్కన లేదు. ఆయన వెనక్కి తిరిగి, నేను చూస్తున్నానని గమనించి, చెయ్యి ఊపారు. ఏం లేదు, తినండి అన్నట్టు.

బావగారు చెయ్యి ఊపి ఊరుకునే మనిషి కాదు. నందిగామలో ఆయన ఎరువుల కొట్టులో కూర్చుని టీ చెప్తే వీధి చివరి కొట్టువాడికి కూడా వినపడుతుంది. అంత గొంతున్న మనిషి సైగ చేశాడు. నేను చెయ్యి కడుక్కోకుండానే లేచి పరుగెత్తాను.

ఆ చోటు గురించి చెప్పాలి. నందిగామ నుంచి చందర్లపాడు మీదుగా వెళ్తే కృష్ణ ఒడ్డున ఒక గుట్ట ఉంది. ఊరివైపు నుంచి చూస్తే మామూలు గుట్టే. ఇసుకలో నిలబడి చూస్తే మాత్రం అది ముక్కులా నీళ్ళలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. నల్లరాళ్ళు ఒకదానిమీద ఒకటి పడి, సందుల్లో సర్కారు తుమ్మ మొలిచి, ఎక్కడానికి దారే లేనట్టు కనపడుతుంది. దానికి రెండు పక్కలా, నది తగ్గిన రోజుల్లో, తెల్లటి ఇసుక మేటలు. మా మెట్ట ప్రాంతం పిల్లలకి సముద్రమంటే పుస్తకంలో బొమ్మ. నా చిన్నకూతురు ఆ ఇసుక చూసి, "అమ్మా, ఇదేనా బీచ్?" అని అడిగింది. ఇదేనన్నాను. అయితే అలలేవి అంది. సెలవు పెట్టాయన్నాడు వాళ్ళ నాన్న. అది నిజమనుకుని, ఎప్పుడొస్తాయో అని చాలాసేపు నీళ్ళవైపు చూస్తూ కూర్చుంది. దానికప్పుడు ఆరేళ్ళు.

గుట్ట నిండా గోతులు. ఎప్పుడో నవాబుల కాలంలో వజ్రాల కోసం తవ్వినవంటారు. పరిటాల వైపు చేలల్లో కూడా అలాంటివి ఉండేవట, దున్నుకుంటూ పూడ్చేశారట. గుట్ట మీదవాటిని పూడ్చే అవసరం ఎవరికీ రాలేదు. కొన్ని మోకాలి లోతు, కొన్ని మనిషి లోతు. కొన్నింటికి అడుగున పక్కకి కన్నాలు, పాక్కుంటూ వెళ్ళేంతవి. అక్కడ దిగినవాళ్ళలో ఎంతమంది పైకి వచ్చారో చెప్పేవాళ్ళు లేరు.

తొలకరి పడ్డ మర్నాటి నుంచి ఆ గుట్ట మీదకీ, చుట్టూ చేలల్లోకీ జనం వస్తారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే కాదు, ఖమ్మం వైపు నుంచీ గుంటూరు వైపు నుంచీ కూడా క్యారియర్లు కట్టుకుని వస్తారు. వాన మట్టిని కడిగేస్తే రాయి పైకి తేలుతుందని ఆశ. ఎండకి ఎదురుగా నడవాలి, అప్పుడే మెరుపు కంటపడుతుంది. అందరూ తలలు దించుకుని, ముక్కుపుడక పోగొట్టుకున్నవాళ్ళలా తిరుగుతుంటారు. అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటుంది. దొరికితే అరవకూడదు. అరిస్తే పదిమంది మూగుతారు, చేను నాదని ఒకడొస్తాడు, వాటా అని ఒకడొస్తాడు. అందుకని దొరికినవాడు రాయి బుగ్గన పెట్టుకుని, కాసేపు ఉత్తినే వెతికినట్టు తిరిగి, కడుపులో నొప్పిగా ఉందని ఇంటికి పోతాడు. ఏమన్నా దొరికిందా అని అడిగితే, "ఏముంది, పలుగురాయి, పారేశా" అంటాడు. ఆ మాట ఎవరన్నా సరే, వాడికి దొరికినట్టే జనం లెక్క. నిజంగా కడుపునొప్పి వచ్చి ఆ పేరు మోసినవాళ్ళు కూడా ఉండే ఉంటారు.

మా బావగారికి ఏళ్ళ తరబడి ఆ సరదా ఉంది. తొలకరి పడ్డాక ఒకటి రెండు ఆదివారాలు కొట్టుకి తాళం వేసి వెళ్ళేవారు. ఆయనకెప్పుడూ ఏమీ దొరకలేదు. ఆ ఏడు కొత్తగా మారుతి వ్యాను కొన్నారు, సెకండ్ హ్యాండుది. అందరం కలిసి వెళ్దాం, పిల్లలకి సరదాగా ఉంటుందన్నారు. మా ఆయన జగ్గయ్యపేటలో జూనియర్ కాలేజీ లెక్చరరు, ఆదివారం అన్నయ్య పిలిస్తే కాదనే మనిషి కాదు. మేం ముందురోజు బస్సులో నందిగామ వచ్చి, పొద్దున్నే వ్యానెక్కాం.

నేను భయస్తురాలిని. పిల్లలు పుట్టాక అది ఇంకా పెరిగింది. ఎక్కడికి వెళ్ళినా కాచి చల్లార్చిన నీళ్ళు సీసాలో పట్టుకెళ్తాను. బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టనివ్వను. కొత్త ఇంటికి వెళ్తే నుయ్యెక్కడుంది, డాబాకి పిట్టగోడ ఉందా అని ముందు చూస్తాను. మా పేట చుట్టూ సున్నపురాయి తవ్విన గుంతలు, వాటి నిండా పచ్చటి నీళ్ళు. ఆ నీళ్ళ పక్కన పిల్లల్ని పెంచుతూ భయపడకుండా ఉండటమెలాగో నాకు ఎవరూ నేర్పలేదు.

బావగారు నాకు పెట్టిన పేరు జాగ్రత్తమ్మ. నేను గుమ్మంలో అడుగు పెడుతూనే, "జాగ్రత్తమ్మ వచ్చిందర్రా, కత్తిపీట అటక మీద పెట్టండి" అనేవారు. అందరూ నవ్వేవారు, మా ఆయన కూడా. "భయపడటానికి డిగ్రీ దాకా ఎందుకమ్మాయ్, అయిదో క్లాసు చాలుగా" అనేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఇంకో మాట పడుతుంది.

ఆ రోజు భోజనాల ముందు ఆయన పిల్లలిద్దరినీ పైకి తీసుకెళ్తానన్నారు, గుట్ట మీద నుంచి నది చూపిస్తానని. నేను నోరు తెరిచాను. అక్కయ్య అప్పటికే నవ్వడానికి సిద్ధంగా నా వైపు చూస్తోంది. మా ఆయన వ్యాను నీడలో తువ్వాలు పరుచుకుంటూ, ఇక మొదలెడుతుంది అన్నట్టు తల ఊపారు. నేను నోరు మూసుకుని, "తీసుకెళ్ళండి" అన్నాను. తల్లినయ్యాక నేను భయాన్ని పక్కన పెట్టింది ఆ ఒక్కసారే. కాసేపటికి పెద్దది ఒక్కతే కిందికి వచ్చింది. ఆకలేస్తోందంది. పులిహోర పెట్టాను. ఆ తర్వాతే నేనా ప్రశ్న అడిగింది.

గుట్ట ఎలా ఎక్కానో గుర్తులేదు. ఒక చెప్పు తెగితే అక్కడే వదిలేశాను. పాదంలో తుమ్మముల్లు దిగిన సంగతి సాయంత్రం దాకా తెలియలేదు. నేను పైకి చేరేసరికి బావగారు రెండడుగులు ముందుకొచ్చి దారికి అడ్డంగా నిలబడ్డారు. ఆయన చేతులకీ ప్యాంటు మోకాళ్ళకీ ఎర్రమట్టి. గొంతు బాగా తగ్గించి మాట్లాడారు.

"ఏం లేదమ్మాయ్. కొంచెం మట్టి జారింది. తీస్తున్నా. నువ్వు గోల చెయ్యకు, జనం పోగవుతారు."

ఆ చివరి మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

ఆయన్ని తోసుకుని వెళ్ళాను. వెనక మనిషి లోతు గొయ్యి. ఒకవైపు గట్టు కూలి, మట్టీ మొరమూ అడుగున కుప్పగా పడ్డాయి. ఆ కుప్పలోంచి ఒక తల, ఒక భుజం, ఒక చెయ్యి కనపడుతున్నాయి. జుట్టంతా ఎర్రగా అయిపోయింది, అది నా పిల్ల అని నా కళ్ళకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అది నన్నే చూస్తోంది. ఏడవట్లేదు. పెదాలు లోపలికి లాక్కుని, నోటి మీద వేలేసుకోండని టీచరు చెప్తే బిగుసుకుని కూర్చునే పిల్లలా ఉంది.

నేను అరిచాను. అవతలి చేలల్లో తలలు దించుకుని తిరుగుతున్నవాళ్ళంతా ఒక్కసారి తలెత్తేలా అరిచాను. అందరికంటే ముందు వచ్చింది తుమ్మ పొదల పక్కన మేకల్ని మేపుకుంటున్న ఒక ముసలమ్మ. గొయ్యిలోకి దూకబోతున్న నన్ను జబ్బ పట్టుకుని వెనక్కి గుంజింది. "నీ బరువుకి ఇంకో పక్క కూలుద్ది. బోర్లా పడుకో" అంది. కాయలు లాగే దోటి గొయ్యికి అడ్డంగా పడేసి, దాని మీద నన్ను పడుకోబెట్టి, నా కాళ్ళ మీద తను కూర్చుంది. నేను వంగి రెండు చేతులతో మట్టి తోడాను. మొరం గోళ్ళ కిందికి దిగింది. ఛాతీ బయటపడ్డాక పిల్ల పెద్దగా ఊపిరి పీల్చుకుంది. అంతవరకూ అది చిన్న చిన్న గుక్కలతో ఉందని నాకప్పుడు తెలిసింది.

ముసలమ్మ నా వెనక నుంచి దాన్నే అడుగుతోంది, "అరవ్వేందే పిల్లా? నోరు లేదా నీకు?" అని. పిల్ల నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపింది.

మా ఆయన ఇంకా గుట్ట ఎక్కుతుండగానే, చేలవైపు నుంచి ఇద్దరు మగవాళ్ళు వచ్చి అవతలి పక్క నుంచి దిగి, దాన్ని నడుం పట్టి లాగారు. కాలు బయటికి వస్తున్నప్పుడు మాత్రం సన్నగా మూలిగింది. పైకి వచ్చాక నా మెడ పట్టుకుని, చెవిలో, నేను మెచ్చుకోవాలన్నట్టు చెప్పింది: "అరవలేదమ్మా."

మట్టిలో ఉండిపోయిన రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది. బావగారు దగ్గరికి వచ్చారు. కాలు చూస్తారనుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళ వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగి, "పిడికిట్లో ఏముందో చూడమ్మాయ్, మెల్లిగా" అన్నారు.

నేను పిల్ల పిడికిలి మీద నా పిడికిలి వేసి మూసేశాను.

అసలు జరిగింది నాకు మర్నాడు పొద్దున్న పిల్లలు చెప్తే తెలిసింది. ఇక్కడే చెప్పేస్తాను. ఆ గొయ్యి అడుగున ఒక కన్నం ఉంది. పెద్దవాళ్ళెవరూ పట్టరు కాబట్టి నవాబుల కాలం నుంచి దాన్లో ఎవరూ చూసి ఉండరని బావగారి లెక్క. ముందు నా పెద్దకూతుర్ని దింపారు. భుజాలు పట్టలేదు. చిన్నది సన్నగా ఉంటుంది, దాన్ని దింపారు. దింపేముందు ఇద్దరిచేతా ఒట్టు వేయించుకున్నారు. ఏం దొరికినా, ఏం జరిగినా అరవకూడదు, అమ్మకి చెప్పకూడదు, చెప్తే పెద్దనాన్న చచ్చిపోతాడు. పెద్దదాన్ని కిందికి పంపించి, అమ్మ అడిగితే తింటూ ఉండమన్నారు. చిన్నది కన్నంలో దూరి వెతికి, బయటికి వచ్చి, "పెద్దనాన్నా, మెరుస్తోంది" అని చెయ్యెత్తి చూపించింది. ఆయన చూడాలని గొయ్యి అంచు మీదకి వచ్చి వంగారు. ఆయన బరువుకి గట్టు విరిగింది. ఆయన వెనక్కి దూకారు. తర్వాత కాసేపు చేతులతో మట్టి తీశారట. ఎవరైనా ఇటు వస్తుంటే ఆపేసి, లేచి నిలబడి, అటువైపు చూశారట. నేను కింద నుంచి చూసింది అలా నిలబడ్డప్పుడే.

నందిగామలో డాక్టరు కాలికి కట్టు కట్టాడు. మోకాలి కింద ఎముక చిట్లింది. బల్ల మీద పిల్లని పడుకోబెట్టి నేను పట్టుకున్నాను. గది బయట బావగారు తన మామూలు గొంతుతో అందరికీ వినపడేలా చెప్తున్నారు. పిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ గోతిలో దిగిందట. ఆయన అటు తిరిగి చూసేసరికి జారిపోయిందట. తల్లి అన్నాక ఒక కన్ను పిల్ల మీద ఉండొద్దా అట. అక్కయ్య ఊఁ కొట్టింది. మా ఆయన లోపలికి వచ్చి, "ఇంత భయపడతావు, అవసరమైనప్పుడు చూసుకోవద్దూ" అన్నారు. జాగ్రత్తమ్మని చివరికి నిర్లక్ష్యం కింద పట్టుకున్నారు. నేను పిల్లని అడిగాను, ఎలా దిగావే అని. అది పెదాలు బిగించుకుని గోడవైపు తిరిగింది. ఒట్టు ఇంకా తీరలేదు దానికి.

సాయంత్రం బావగారే వ్యానులో మమ్మల్ని పేటకి తీసుకొచ్చారు. పిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది, కట్టుకట్టిన కాలు అక్క ఒళ్ళో. అప్పుడు దాని పిడికిలి మెల్లిగా విప్పి, అందులోది నా చేతిలోకి తీసుకుని చూశాను. చిటికెన గోరంత గాజుపెంకు. ఇసుకా మట్టీ అరగదీసి అంచులు మొద్దుబారాయి. సోడాబుడ్డి మెడ దగ్గర ఉండే వంపు దానికింకా ఉంది. ఎప్పుడో ఎవరో గుట్ట మీద సోడా తాగి పగలగొట్టిన సీసా. నా పిల్ల దీనికోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

తలెత్తితే ముందు అద్దంలో బావగారి కళ్ళు. రోడ్డు చూడట్లేదు, నా చెయ్యి చూస్తున్నారు. చిల్లకల్లు దగ్గర హైవే మీద నుంచి పేటవైపు తిరుగుతుంటే కిటికీ అద్దం జరిపి దాన్ని బయటికి విసిరేశాను. ఆయన టక్కున బ్రేకు వేశారు.

"ఏం పారేశావమ్మాయ్?"

"గాజుపెంకండి."

ఆయన వెనక్కి తిరిగి నన్ను చాలాసేపు చూశారు. వెనక లారీవాడు హారను కొడుతున్నాడు. తర్వాత నవ్వారు. "నువ్వు? గాజుపెంకు? పిల్లలు నడిచే రోడ్డు మీద?" అని, తల ఊపుకుంటూ బండి పోనిచ్చారు. ఆ నవ్వేమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

మేం ఇల్లు చేరిన గంటకి నందిగామ నుంచి ఫోను చేశారు. నేనే ఎత్తాను. పిల్లకి జ్వరం తగులుతోంది, నుదుటి మీద తడిగుడ్డ వేసి వచ్చాను. ఆయన గొంతు మళ్ళీ గుట్ట మీద గొంతే, సన్నగా, తియ్యగా.

"అమ్మాయ్, భద్రంగా పెట్టావా?"

"ఏమిటండి?"

"అదే. కడుపునొప్పి" అని నవ్వారు.

"బావగారూ, అది సోడాబుడ్డి పెంకండి. మీరు చూస్తుండగానే పారేశా."

"ఊఁ, అలాగే అనాలి. నేనూ అందరికీ అదే చెప్తా. తమ్ముడికి కూడా చెప్పకు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. మనిద్దరం తర్వాత మాట్లాడుకుందాం" అని పెట్టేశారు.

ఫోను పక్కన నిలబడ్డాను. ఆయన పిల్ల గురించి అడుగుతారేమోనని ఇంకా చెవి దగ్గరే పెట్టుకున్నాను, లైను కట్టయిపోయాక కూడా. అప్పుడర్థమైంది. నేను నిజం చెప్పాను. నేను చెప్పింది నిజం కాబట్టే, ఆ గుట్ట మీది నియమం ప్రకారం, అది అబద్ధం. పైగా జాగ్రత్తమ్మ గాజుపెంకు రోడ్డు మీద వెయ్యదు. ఆయన నాకు పెట్టిన పేరే ఆయన్ని పట్టుకుంది. నేను ఇంకేమీ చెయ్యక్కర్లేదు. ఎప్పుడడిగినా నిజం చెప్తే చాలు.

అలాగే చెప్తూ వచ్చాను. ఇప్పటికి అయిదు తొలకర్లు వచ్చి వెళ్ళాయి.

మొదటి నెలలో బావగారు రెండుసార్లు బత్తాయిలు పట్టుకుని వచ్చారు. మంచం మీద పిల్ల ఉంది, కట్టు ఉంది. ఆయన కళ్ళు బీరువా మీదా, దేవుడి గూటి మీదా, నా మెడ మీదా తిరిగాయి. నేను మంచినీళ్ళిచ్చి, మోకాళ్ళెలా ఉన్నాయండి అని అడిగాను. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. బానే ఉన్నాయన్నారు. నేను ఆగాను. తిరిగి ఆయన అడగడానికి సరిపడా సమయమిచ్చి ఆగాను. "దాన్ని ఎవరికైనా చూపించావా?" అన్నారు. "గాజుపెంకు ఎవరికి చూపిస్తానండి" అన్నాను.

అప్పటి నుంచి ప్రతిసారీ అదే వరస. నేను మోకాళ్ళ గురించి అడుగుతాను. ఆగుతాను. ఆయన రాయి గురించి అడుగుతారు. నేను నిజం చెప్తాను. జాగ్రత్తమ్మ అన్న మాట మాత్రం ఆయన నోట మళ్ళీ రాలేదు. "అమ్మా" అంటున్నారు. కత్తిపీట ఎక్కడున్నా ఎవరూ పట్టించుకోవడం లేదు.

రెండో ఏడు మేం స్కూటర్ కొన్నాం, మా ఆయన అప్పుచేసి. అది చూడటానికి బావగారు నందిగామ నుంచి పనిగట్టుకుని వచ్చారు. చుట్టూ తిరిగి, సీటు మీద చెయ్యి వేసి, నా వైపు చూసి కన్ను గీటినంత పని చేశారు. ఇంకో ఏడు ఇంటికి సున్నం వేయిస్తే ఆయనకి రెండ్రోజులు నిద్రపట్టలేదట. అక్కయ్యే చెప్పింది. నేను దాని తర్వాత కావాలనే కిటికీలకి కొత్త కర్టెన్లు కుట్టాను, పాత చీరలతో. అంచు చీరలు ఏరి కుట్టాను. దూరం నుంచి చూస్తే పట్టులా ఉంటాయి.

ఆయన వెతకడం కూడా పెరిగింది. ఆ కన్నంలో ఒకటి దొరికితే ఇంకోటి ఉండకపోదుగా. ఇదివరకు ఒకటి రెండు ఆదివారాలు వెళ్ళేవారు. ఇప్పుడు వానాకాలమంతా, మబ్బు పట్టిందంటే కొట్టు మూసి గుట్ట మీదే. రైతులు ఎరువులకి వచ్చి, తాళం చూసి, కంచికచర్ల పోతున్నారు. చిల్లకల్లు మలుపులో కూడా ఆయన రోడ్డు పక్క గడ్డిలో కర్రతో కెలుకుతూ కనపడ్డారని మా ఆయన కాలేజీలో ఎవరో చెప్పారు. వింటే నవ్వొచ్చింది. పాపం అనిపించలేదు. అనిపించినట్టు రాస్తే చదివేవాళ్ళకి బాగుంటుందేమో కానీ, అనిపించలేదు.

అక్కయ్య విషయం వేరు. ఒకరోజు ఒక్కతే బస్సెక్కి వచ్చింది. కూర్చుని, కాఫీ తాగి, కళ్ళు తుడుచుకుని, "ఉంటే ఉందని చెప్పవే. మాకు వాటా వద్దు. ఆయనకి మనశ్శాంతి కావాలి" అంది. నేను దేవుడి ముందు దీపం మీద చెయ్యిపెట్టి, అది సోడాబుడ్డి పెంకని చెప్పాను. అక్కయ్య నా చెయ్యి వైపు చూసి, "ఆఖరికి దీపం కూడా ఆర్పేస్తావన్నమాట" అని లేచింది. ఆమె బస్సెక్కేదాకా వెంట వెళ్ళాను. ఆ రోజు మాత్రం నాకు అన్నం దిగలేదు.

మా ఆయన మొన్న మెత్తగా అన్నారు, "ఎన్నేళ్ళే? అన్నయ్యకి ఏదో ఒకటి చెప్పెయ్యరాదూ" అని. అయిదేళ్ళ నుంచి చెప్తూనే ఉన్నానన్నాను. "అది కాదు, ఆయన నమ్మేలా" అన్నారు. ఆయన నమ్మేలా చెప్పడానికి నాకు ఒక్క దారి ఉంది. ఆ రోజు గొయ్యి దగ్గర ఏం జరిగిందో ఆయన పదిమందిలో చెప్తే, పిల్ల కాలు ఎలా ఉందని ఒక్కసారి అడిగితే, నేను ఆయన్ని కూర్చోబెట్టి, సోడాబుడ్డి ఒకటి తెప్పించి, పగలగొట్టి, ఆ వంపు చూపిస్తాను. మా ఆయనకీ ఈ మాట చెప్పాను. పిల్లలు చెప్పిందంతా ఆయనకి అప్పట్లో ఆ వారమే చెప్పాను కూడా. అన్నయ్యని అడిగితే, పిల్లల మాటలు పట్టుకుంటావేరా అన్నారట. అంతటితో మా ఆయన ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు, అంతే తేడా.

పిల్ల కాలు బాగుంది. పరుగెడుతుంది. కానీ ఇప్పటికీ, పదకొండేళ్ళొచ్చినా, దుప్పటి నడుం దాటి పైకి రానివ్వదు, ఎంత చలేసినా. నిద్రలో దుప్పటి ఛాతీ మీదకి వస్తే మెలకువ వచ్చి కూర్చుంటుంది. అరవదు. ఇద్దరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఇది రాస్తూ, మధ్యలో లేచి వెళ్ళి చూసి వస్తున్నా. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను. ఆ మౌనం దానికి నేర్పింది ఎవరో ప్రతిసారీ గుర్తొస్తుంది. క్షమించమని చెప్పేవాళ్ళు ఒక రాత్రి నా బదులు లేచి చూస్తే బాగుండును.

గుట్ట మీద నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న, చిన్నదాని కాలు కింద దిండు పెట్టి, ఇద్దరికీ ఇడ్లీ పెట్టాను. పెద్దది ఒక ముక్క తిని ఏడ్చేసింది. దాని వెంటే చిన్నది. ఒట్టు సంగతి, కన్నం సంగతి అంతా అప్పుడే బయటపడింది. చెప్పేశాం కదా, పెద్దనాన్న చచ్చిపోతాడా అని చిన్నది అడిగింది. చావడన్నాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టానన్నాను. ఇక ఎవరైనా సరే, అమ్మకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంటే, ఆ మనిషి దగ్గర నుంచి అరుచుకుంటూ పరుగెత్తుకు రమ్మన్నాను. మట్టి పడ్డా, నీళ్ళొచ్చినా, మనిషి చెయ్యి పట్టుకున్నా, ముందు అరవమన్నాను. చిన్నదానిచేత అప్పుడే అక్కడే అరిపించాను. మొదట సన్నగా అరిచింది, ఇంకా అన్నాను. మూడోసారికి పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి తొంగి చూశారు.

తర్వాత పెద్దది, పెద్దనాన్న ఆ రాయి గురించి అడిగితే ఏం చెప్పాలమ్మా అంది.

"నిజమే చెప్పండి. గాజుపెంకని చెప్పండి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పండి" అన్నాను.